గని డబ్బు ఆదాయం కాదు, అమ్మిన ఆస్తి వెల

1966 సెప్టెంబరు 30న బోట్స్వానా స్వతంత్రమైన నాటికి ఆ దేశం మొత్తానికి ఉన్న తారు రోడ్డు 12 కిలోమీటర్లు. డిగ్రీ చదివినవాళ్లు 22 మంది. ఏళ్ల తరబడి కరవు, పశువులే జీవనాధారం, బ్రిటన్ ఇచ్చే గ్రాంటు లేకపోతే ప్రభుత్వోద్యోగులకు జీతాలు లేవు. దానికి రెండేళ్ల ముందు స్వతంత్రం పొందిన పొరుగు దేశం జాంబియాకు అప్పటికే ప్రపంచస్థాయి రాగి గనులున్నాయి, వాటి చుట్టూ పట్టణాలున్నాయి, రైలు మార్గాలున్నాయి. ఆ రోజుల్లో రెంటిలో ఏది నిలదొక్కుకుంటుందని అడిగితే ఎవరైనా జాంబియా పేరే చెప్పేవారు. జరిగింది వేరు. బోట్స్వానా ఎగువ మధ్య ఆదాయ దేశాల వరుసలోకి చేరింది. జాంబియా 2020 నవంబరులో విదేశీ బాండ్లకు వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. ఖనిజాలున్న పేద దేశాలు ఎందుకు పేదగానే మిగిలిపోతున్నాయన్న చర్చలో నాయకుల నిజాయతీ, గిరిజన తెగల కలహాలు, వలస పాలన మిగిల్చిన గాయాలు అన్నీ వినిపిస్తాయి. అవన్నీ నిజమే. కానీ వాటికంటే మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గని నుంచి వచ్చిన డబ్బును ఆ ప్రభుత్వం ఏ పద్దు కింద రాసుకుంది?

ఈ ప్రశ్న గుమాస్తాలకు సంబంధించిందిగా కనిపిస్తుంది. నిజానికి మొత్తం వ్యవహారం ఇక్కడే తేలిపోతుంది. పన్ను ప్రతి ఏడాదీ వస్తుంది, ఎందుకంటే జనం ప్రతి ఏడాదీ పండిస్తారు, తయారుచేస్తారు, అమ్ముతారు. వజ్రం, రాగి, చమురు అలా తిరిగి పుట్టేవి కావు. తవ్విన ప్రతి టన్నుకూ నేల కింద ఒక టన్ను తగ్గుతుంది. కాబట్టి గని డబ్బు దేశం సంపాదించింది కాదు, తన ఆస్తిని అమ్ముకుంటే వచ్చిన వెల. ఎకరం పొలం అమ్మిన రైతు ఆ సొమ్మును పంట రాబడిగా లెక్కవేసుకుని సంక్రాంతి ఖర్చులకు వాడేస్తే ఊళ్లో పెద్దలు ఊరుకోరు. ప్రభుత్వాలు అదే పని చేస్తే మాత్రం ఆర్థిక వృద్ధి అంటాం. నేల కింది సంపద తరిగినంత మేరా నేల మీద మరో రూపంలో పెట్టుబడి పెడితేనే తర్వాతి తరాల జీవన ప్రమాణం తగ్గదని ఆర్థికవేత్త జాన్ హార్ట్‌విక్ 1977లో సూత్రీకరించాడు. దాన్ని చదివిన ఆర్థిక మంత్రులు చాలామందే ఉంటారు. బడ్జెట్ వేసేటప్పుడు గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

బోట్స్వానా గుర్తుపెట్టుకుంది. అంతకుముందే మరో కఠినమైన పని చేసింది. ఒరాపా వజ్రాల గని బయటపడింది 1967లో. అదే ఏడాది తెచ్చిన చట్టం ఖనిజ హక్కులను తెగల చేతుల్లోంచి మొత్తం దేశానికి బదలాయించింది. ఒరాపా ఉన్నది బమాంగ్వాటో తెగ నేలలో. ఆ తెగ నాయకత్వానికి వారసుడిగా పుట్టినవాడే తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా. సొంత తెగకు దక్కే సంపదను దేశానికి రాసిచ్చినవాడు చెబితే మిగతా తెగలు కాదనడానికి కారణం లేకపోయింది. తర్వాత డీ బీర్స్ కంపెనీతో బేరం. మొదట ప్రభుత్వ వాటా 15 శాతమే. గని నిజంగా ఎంత పెద్దదో తెలిశాక మళ్లీ కూర్చుని 1975లో సగం వాటా రాబట్టారు. పన్నులు, రాయల్టీ, డివిడెండ్ కలిపితే గని లాభాల్లో దాదాపు 80 శాతం ఖజానాకు చేరింది. ఈ డబ్బును ఎలా ఖర్చు పెట్టాలన్న దానికి 1990ల మధ్యలో ఒక కొలబద్ద పెట్టుకున్నారు. జీతభత్యాల వంటి రోజువారీ ఖర్చులకు ఖనిజేతర రాబడే సరిపోవాలి, గని డబ్బు పెట్టుబడికే వెళ్లాలి. ఇందులో ముఖ్యమైన సంగతి, చదువునూ ఆరోగ్యాన్నీ వాళ్లు పెట్టుబడిగానే లెక్కగట్టారు. మిగులును పూలా నిధి పేరుతో విదేశీ ఆస్తుల్లో దాచారు. ధర పడిపోయిన ఏడాది బడులు మూతపడకుండా ఆ నిధి ఆదుకునేది.

జాంబియా 1960ల చివర గనులను జాతీయం చేసింది. ఆనాటి ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ రాగి ధర ఎత్తుగా ఉన్న రోజులనే శాశ్వతం అనుకుని ఖర్చులు పెంచింది. 1975 నాటికి ధర కుప్పకూలితే, మళ్లీ పెరుగుతుందన్న నమ్మకంతో అప్పులు చేసి అదే ఖర్చు కొనసాగించింది. గనుల్లో యంత్రాలు మార్చడానికి కూడా డబ్బు మిగల్లేదు. 1970ల తొలినాళ్లలో ఏటా 7 లక్షల టన్నులున్న ఉత్పత్తి 2000 నాటికి రెండున్నర లక్షల టన్నుల దగ్గరికి జారింది. అప్పులిచ్చినవాళ్ల ఒత్తిడితో, రాగి ధర అట్టడుగున ఉన్నప్పుడు గనులను ప్రైవేటుకు అమ్మింది. ఆ ఒప్పందాల్లో రాయల్టీ 0.6 శాతం. ఏళ్ల తరబడి పన్నులు మార్చబోమని రాసిచ్చిన హామీ అదనం. 2003లో సగటున టన్ను రెండు వేల డాలర్లు కూడా పలకని రాగి 2006లో ఆరు వేలు దాటింది. ఆ వెల్లువలో జాంబియా ఖజానాకు చేరింది బొట్లు బొట్లుగానే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. దోచుకున్నది కంపెనీలైతే పేద ప్రభుత్వాల పద్దుల గురించి ఉపన్యాసాలెందుకు? దోపిడీ నిజమే. అప్పట్లో గ్లెన్‌కోర్ అనుబంధ సంస్థ అయిన మోపానీ తన రాగిని సోదర సంస్థకే తక్కువ ధరకు అమ్మినట్టు చూపి పన్ను తగ్గించుకుందన్న వివాదంలో జాంబియా సుప్రీంకోర్టు 2020లో పన్నుల శాఖ పక్షానే తీర్పు చెప్పింది. మన దేశంతో అనుబంధమున్న వేదాంత కంపెనీ అక్కడి కొంకోలా గనుల్లో 51 శాతం వాటాను 2004లో చవగ్గా దక్కించుకుంది. అక్కడి కాలుష్యంపై జాంబియా గ్రామస్థులు ఇంగ్లండ్‌లో దావా వేయవచ్చని బ్రిటన్ సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది. ఇవన్నీ పద్దు వాదాన్ని బలపరిచేవే తప్ప కొట్టివేసేవి కావు. రాయల్టీని చిన్నపాటి పన్నుగా చూసే ప్రభుత్వం 0.6 శాతానికి సంతకం చేయగలదు. అది తన ఆస్తికి వచ్చే ధర అని చూసే ప్రభుత్వం అంత చవగ్గా అమ్మదు, అలా అమ్మాల్సిన పరిస్థితే వస్తే తవ్వకం వాయిదా వేస్తుంది. నేలలో ఉన్న రాగి కుళ్లిపోదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పిల్లలు మలేరియాతో చనిపోతున్న దేశాన్ని, డబ్బు తీసుకెళ్లి న్యూయార్క్ బాండ్లలో పెట్టమనడం ఏం న్యాయం? చమురు డబ్బును విదేశీ ఆస్తుల్లో దాచే నార్వేను ఆదర్శంగా చూపేవాళ్లు ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పరు. 1969లో చమురు దొరికేనాటికే నార్వే సంపన్న దేశం, పిల్లలందరూ బడిలో ఉన్నారు, నిధి పెట్టింది 1990లో. పేద దేశానికి ఆ నమూనా యథాతథంగా పనికిరాదు, పనికొస్తుందని చెప్పడం క్రూరత్వం. పెట్టుబడి అంటే విదేశీ బాండ్లే కావాలని లేదు. 1973లో చమురు ధర నాలుగింతలైతే ఇండొనేసియా ఆ సొమ్ములో ఒక భాగంతో ఆరేళ్లలోపే 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఆ బడుల్లో చదివిన పిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారని, పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారని తర్వాత నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో 2001లో నిరూపించింది. ఆనాటి ఇండొనేసియా అధ్యక్షుడు సుహార్తో పాలన అవినీతిమయం. ప్రభుత్వ చమురు కంపెనీ పెర్తామినా 1975లో అప్పుల్లో మునిగి దేశాన్నే ఊపేసింది. అయినా భూమిలోని చమురు కొంత పిల్లల చదువుగా మారింది, ఆ చదువును ఏ ధరల పతనమూ వెనక్కి లాక్కోలేదు. ఆస్పత్రి, నర్సు శిక్షణ, పల్లె రోడ్డు, టీకా అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. ఈ కోవలోకి రాని ఖర్చులు చౌక పెట్రోలు, ఎన్నికల ముందు పెంచిన ఉద్యోగాలు, రాజధానిలో ఖాళీగా నిలిచే స్టేడియాలు.

కట్టుదిట్టమైన చట్టం చేస్తే సరిపోతుందా అంటే చాద్ అనుభవం కాదంటుంది. చాద్ చమురును కామెరూన్ తీరానికి చేర్చే 1,070 కిలోమీటర్ల పైప్‌లైన్‌కు ప్రపంచ బ్యాంకు అండగా నిలిచింది, బదులుగా 1999లో ఒక చట్టం చేయించింది. పది శాతం భావితరాల నిధికి, మిగిలినదాంట్లో 80 శాతం విద్య, వైద్యం, గ్రామీణాభివృద్ధి వంటి వాటికి. కాగితం మీద అంతకంటే చక్కని చట్టం ఉండదు. 2003లో చమురు పారింది. 2005 చివర్లో ఇద్రిస్ దేబీ ప్రభుత్వం భావితరాల నిధిని రద్దు చేసి, భద్రతా ఖర్చును కూడా ప్రాధాన్య రంగంగా రాసుకుంది. ప్రపంచ బ్యాంకు రుణాలు ఆపింది, 2008లో చాద్ పైప్‌లైన్ బాకీ మొత్తం తీర్చేసి దాన్ని సాగనంపింది. చట్టాన్ని బయటివాళ్లు కోరారు, లోపల దాన్ని తమదనుకున్నవాళ్లు లేరు. అడిగే పార్లమెంటు, అచ్చువేసే పత్రిక, గెలిచే ప్రతిపక్షం లేనిచోట నిధి ఎంతకాలం నిలుస్తుంది? ఘనా కథ మరోలా ఉంది. అక్కడ 2011 చమురు ఆదాయ చట్టం పౌర సభ్యుల పర్యవేక్షక సంఘాన్ని ఏర్పాటు చేసింది, ఏటా నివేదికలూ వస్తున్నాయి. అయినా చమురు వస్తోందన్న ధీమాతో ప్రభుత్వం మరో చేత్తో అప్పులు చేస్తూ పోయింది, 2022 డిసెంబరులో విదేశీ రుణాల చెల్లింపు ఆపేసింది. ఒక జేబులో పొదుపు, ఇంకో జేబులో అంతకు మించిన అప్పు ఉంటే మొత్తం ఆస్తి తరుగుతున్నట్టే. అందుకే లెక్క నిధికి మాత్రమే కాదు, దేశం మొత్తం ఆస్తి అప్పులకు వేయాలి.

బోట్స్వానా కూడా లోపం లేనిది కాదు. ల్యాబ్‌లో పుట్టే వజ్రాలు మార్కెట్‌ను ముంచెత్తడంతో 2023 నుంచి అమ్మకాలు పడిపోయాయి. ఎగుమతుల్లో నాలుగింట మూడొంతులకు పైగా వజ్రాల మీదే నిలబెట్టుకున్న దేశానికి ఆ దెబ్బ చిన్నది కాదు. నిరుద్యోగం పావు వంతు దాటింది. 1966 నుంచి ఏలిన పార్టీని 2024 అక్టోబరులో జనం దించేశారు. 2025 ఆగస్టులో మందుల కొరతపై అధ్యక్షుడు డూమా బోకో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. డబ్బు రోడ్లుగా, బడులుగా మారింది కానీ వజ్రం లేకున్నా జీతమిచ్చే పరిశ్రమగా తగినంత మారలేదు. చదువుకున్న యువతకు ప్రభుత్వోద్యోగం తప్ప దారి చూపలేకపోయారు. ఈ వైఫల్యం నియమాన్ని తప్పని తేల్చదు, అసంపూర్ణమని తేలుస్తుంది.

ఈ చర్చ మనకూ దూరం కాదు. రాయల్టీ పన్ను కాదని, లీజుదారు భూమి సొంతదారుకు చెల్లించే ప్రతిఫలమని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2024 జూలైలో తేల్చింది. గోవా ఇనుప ఖనిజం అమ్మకంలో పది శాతాన్ని శాశ్వత నిధికి వేయాలని 2014లో, విశాఖ మన్యానికి చెందిన సమత కేసులో గిరిజనుల కోసం లాభంలో ఐదో వంతు పక్కన పెట్టాలని 1997లో అదే కోర్టు చెప్పింది. అయినా రాష్ట్రాల బడ్జెట్లలో ఆ సొమ్ము ఇప్పటికీ పన్నేతర ఆదాయం శీర్షిక కిందే సాగుతోంది.

బ్యాటరీల కోసం ప్రపంచమంతా కోబాల్ట్, లిథియం, రాగి వెంట పరిగెడుతున్న కాలమిది. ప్రపంచ కోబాల్ట్‌లో మూడింట రెండొంతులకు పైగా ఒక్క కాంగో నుంచే వస్తోంది. 2008లో రోడ్లకు బదులుగా ఖనిజాలిస్తూ చైనా కంపెనీలతో రాసుకున్న ఒప్పందాన్ని ఆ దేశం 2024లో మళ్లీ బేరమాడి, రోడ్ల పెట్టుబడిని 700 కోట్ల డాలర్లకు పెంచుకోగలిగింది. మొదటి సంతకానికీ ఆ సవరణకూ మధ్య పదహారేళ్లు పట్టింది. కాంగో గనుల్లో రాబోయే ఒప్పందాలకు ముందే పార్లమెంటు ముందుంచాల్సిన కాగితం ఒకటుంది. ఈ ఏడాది నేల కింద ఎంత తరిగింది, దాని వెల ఎంత, ఎన్ని బడులుగా, ఎంత విద్యుత్తుగా మారింది, ఎంత అప్పు తీర్చింది అని కొల్వేజీ గనుల కార్మికుడు కూడా చదివి అడగగలిగే భాషలో, ఆడిటర్ సంతకంతో వచ్చే వార్షిక లెక్క. కంపెనీ ఒప్పందం మీద మంత్రి సంతకం పెట్టే ముందే ఆ లెక్క ఇచ్చే బాధ్యత చట్టంలోకి ఎక్కాలి.