తొలకరికి ముందే టీకా

అమీరుపేట కూడలిలో నేడు పశువు కానరాదు. నేలమీద మోటారుబండ్లు, నెత్తిమీద మెట్రోరైలు, గోడలనిండ కంప్యూటరు విద్య నేర్పెదమను ప్రకటనలు. అయినను తెల్లవారుజామున పాలు రాకున్న అచ్చట గాని, పంజగుట్టలో గాని పొయ్యి వెలుగదు. ఆ కూడలికి చదువునకై వచ్చిన పల్లె యువకులలో నెందరి రుసుము ఇంటిగేదె పాలసొమ్ముతో చెల్లుచున్నదో! గేదె చావు పల్లెవాని గోడు మాత్రమే యని పట్టణవాసులు తలపరాదు.

వానకాలమున మన పశువులను హరించు రోగములలో గొంతువాపు ముఖ్యమైనది. దీనినే గురకవ్యాధి యందురు. దీనికి హేతువగు సూక్ష్మజీవి ఆరోగ్యముగా కనబడు పశువు గొంతులోనే దాగియుండవచ్చును. వేసవిలో మేతలేక డస్సి, తొలివానలో తడిసి, దుక్కిపనిచే నలసిన పశువున నది విజృంభించి రక్తమున ప్రవేశించును. జ్వరము 106 డిగ్రీల వరకు పోవును. గొంతు వాచి గురక పుట్టును. తరచుగా ఒక్క దినములోనే కొట్టము శూన్యమగును. ఆవులకంటె గేదెలకు దీని బాధ యధికము. వైద్యునికి కబురంపి ఆయన వచ్చుసరికి మందు పనిచేయు కాలము మించిపోవును. మంత్రగానికొఱకు పరుగెత్తిన గడియలు సరేసరి.

కావున టీకాయే శరణ్యము. రిండర్‌పెస్టు అను పశువుల మహామారి టీకాల బలముననే 2011 నాటికి ప్రపంచమునుండి తొలగినది. గొంతువాపు అట్లు ఒక్కమారుగా తొలగునది కాదు. పటికతో చేసిన టీకా శక్తి నాలుగైదు మాసములకే సన్నగిల్లును గనుక ఏటేటా వేయవలసినదే. మందు దూరదేశమునుండి రావలసినదియు కాదు. పంజగుట్టకు కొలది దూరమున, శాంతినగరులోని పశువైద్య జైవిక పరిశోధనసంస్థ దశాబ్దములుగా దీనిని తయారుచేయుచు వచ్చినది.

మఱి లోప మెచ్చట? కాలమునందు. సూది వేసిన రెండు మూడు వారములకు గాని రక్షణ కుదురదు. వానలు పడి, ఊరిలో రెండు పశువులు కూలిన పిదప సూది వచ్చిన, అప్పటికే రోగము సోకియున్న గేదె మరునాడు చచ్చును. సూదియే చంపినదని ఊరంతయు చెప్పుకొనును. మరుసటి యేడు టీకావాని మోగినంతనే పశువులను తోలివేయుదురు. పాలు తగ్గునను భయమొకటి. ఒక్క గేదెమీద బ్రతుకు సంసారము అట్లు భయపడుటను మేము పరిహసింపజాలము.

చచ్చిన పశువు సంగతి మఱింత విచారకరము. అంటురోగమును గుర్తించిన యజమానుడు గ్రామాధికారికి తెలుపవలెనని 2009 నాటి చట్టము శాసించుచున్నది. మన భూస్వాములలో దానిని విన్నవారెందరు? కళేబరము వాగుపాలగును, లేదా పేదలకు వదలి దానమొనర్చితిమనుకొందురు. అది దొమ్మరోగమైనచో కోసిన చేతులకే మృత్యువు. కోసిన దేహమునుండి చిందిన నెత్తురులోని సూక్ష్మజీవి గాలి తగిలి బీజరూపము దాల్చి, దశాబ్దములు మట్టిలో నిలిచి, ఆ పొలమున మేసిన పశువులను పొంచి చంపును. అట్టి కళేబరమును కోయక కాల్చవలెను, లేదా లోతుగా పూడ్చవలెను.

పంచాయతీలు వైశాఖముననే టీకాదినమును చాటింపు వేయింపవలెను. టీకా పిదప చచ్చిన పశువునకు పరిహార మిత్తుమని ప్రభుత్వము ముందుగనే ప్రకటింపవలెను. ఆ మాట విననిదే ఒంటిగేదె రైతు తన కొట్టము తలుపు తెఱవడు.