మరుగుదొడ్డి లేని డ్యూటీ, మూత్రంలో మంట

తెల్లవారకముందే మన పట్టణాల రోడ్లు ఊడ్చే వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు. ఊరంతటినీ శుభ్రం చేసే వీళ్లకు డ్యూటీ చేసే వీధిలో మరుగుదొడ్డి దొరకదు. అందుకే నీళ్లు తాగడం తగ్గిస్తారు, మూత్రం ఆపుకుంటారు. జబ్బు అక్కడే మొదలవుతుంది.

మూత్రపిండాల్లో తయారైన మూత్రం రెండు సన్నని నాళాల గుండా మూత్రాశయానికి చేరి, అక్కడి నుంచి మూత్రమార్గం ద్వారా బయటికి పోతుంది. పోతూ పోతూ దారిలో చేరిన సూక్ష్మజీవులను కడిగేస్తుంది. ఆపుకుంటే అవి లోపలే పెరుగుతాయి. ఎక్కువ కేసుల్లో కారణం పేగుల్లో ఉండే ఈ-కొలై బ్యాక్టీరియా. ఆడవాళ్ల మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లది దాదాపు 20. అందుకే ఇన్ఫెక్షన్ ఆడవాళ్లకే ఎక్కువ.

మూత్రాశయం వరకే ఉంటే మంట, మాటిమాటికీ మూత్రం రావడం, పొత్తికడుపు నొప్పి. మూత్రపిండాలకు పాకితే చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు. అప్పుడు ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నీళ్లు బాగా తాగమని డాక్టర్లు చెబుతారు. తాగితే ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పరు. పనిచోట తాగునీరు, అందుబాటులో మరుగుదొడ్లు ఉండాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. కోర్టు ఆవరణల్లో మరుగుదొడ్ల కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఆ సదుపాయం ఆర్టికల్ 21 కింద ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చింది. కోర్టు లోపలున్న వాళ్ల హక్కు, కోర్టు ముందు రోడ్డు ఊడ్చే మనిషికి లేకుండా పోతుందా? కార్మికులు హాజరు వేసుకునే ప్రతిచోటా నీళ్లున్న మరుగుదొడ్డి కావాలని సంఘాలు, విద్యార్థులు మున్సిపాలిటీలను నిలదీయాలి.