రాళ్ళ బండికి కూడా ఒక ఫొటో



ఈ నెల గోడ పత్రికలో "నా అభిప్రాయం" రాయమని నాకు ఇచ్చారు. నేను రాసేది అవుటింగులో మనం తీసే ఫొటోల గురించి. నా మాట ముందే చెప్పేస్తాను. వచ్చే అవుటింగులో ఒక్కొక్క జట్టుకి ఇచ్చే ఐదు ఫొటోలలో రెండు ఫొటోలు రైళ్ళకి ఇవ్వాలి. ఒకటి గూడ్సు బండికి, ఒకటి ప్యాసింజరుకి. మిగిలిన మూడు మన ముఖాలకి చాలు.

ఐదే ఎందుకో మీ అందరికీ తెలుసు. ఫోను మేడం గారిది ఒక్కటే. జట్లు ఎనిమిది. అన్నీ ప్రింటు వేయించాలంటే డబ్బులు కావాలి. అందుచేత జట్టుకి ఐదు, మొత్తం నలభై. మేడం గారు పెట్టిన ఈ లెక్క న్యాయంగానే ఉంది. కాని ఆ నలభైని మనం ఎలా వాడుకున్నామో ఒకసారి చూడండి. బోర్డు మీద అంటించిన ఫొటోలు నేను లెక్కపెట్టాను. నలభైలో ముప్పై ఆరు మనం వరసగా నిలబడినవే. గుహల ముందు మనం, మ్యూజియం ముందు మనం, కాఫీ తోట ముందు మనం, ఐస్‌క్రీం బండి ముందు మనం. వెనకాల గుహ ఉందో బండి ఉందో కనబడదు, అన్నిటిలో మన తలకాయలే. మూడు ఫొటోలు గుహ లోపలివి. రైలుది ఒకే ఒక్కటి, అది కూడా అద్దాల పెట్టెది.

ప్లాట్‌ఫారం మీద మనం ఉన్నప్పుడే గూడ్సు వచ్చింది. మా జట్టులో నేను ఒక ఫొటో అడిగాను. "రాళ్ళ బండికి ఫొటో ఏటే, పిచ్చా?" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వినందుకు నాకు కోపం లేదు. కాని ఆ ప్రశ్నకి జవాబు ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సంగతి. మన కొండల్లోకి రైలు వచ్చిందే ఆ రాళ్ళ కోసం. కొత్తవలస నుండి కిరండూల్ దాకా ఉన్న ఈ లైను సుమారు 445 కిలోమీటర్లు. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మూడు రాష్ట్రాల మీదుగా పోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల కొండల్లో ఇనుప రాయి ఉంది. దానిని జపాన్‌కి అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ రాయిని విశాఖ రేవుకి దింపడానికి 1960ల్లో ఈ కొండలను తొలిచి లైను వేశారు. దారిలో 50కి పైగా సొరంగాలు ఉన్నాయి. శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు మన దేశంలో పెద్ద లైను స్టేషన్లన్నిటిలో ఎత్తయినది అదే. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడవడం మొదలయ్యాక ఆ పేరు అటు పోయింది. అద్దాల పెట్టె వచ్చింది 2017లో. అంటే గూడ్సు వచ్చిన యాభై ఏళ్ళ తరవాత. ముందు వచ్చిన దానికి ఒక్క ఫొటో లేదు, నిన్న మొన్న వచ్చిన దానికి అందరూ ఎగబడుతున్నారు.

రెండవ సంగతి. గూడ్సు బండి మీద చదువుకోవడానికి చాలా ఉంది. ప్రతి వ్యాగన్ పక్కన 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండు అంకెలు అది ఏ రకం వ్యాగనో చెబుతాయి. తరవాత రెండు ఏ రైల్వేదో చెబుతాయి. ఐదు, ఆరు అంకెలు తయారైన సంవత్సరం. అక్కడ 12 అని ఉంటే 2012లో పుట్టిన వ్యాగన్ అన్నమాట, మన కంటే పెద్దదో చిన్నదో చెప్పొచ్చు. తరవాత నాలుగు దాని వరస నంబరు. ఆఖరి అంకె లెక్క సరిచూసుకోవడానికి. దానికొక పద్ధతి ఉంది. మొదటి పది అంకెలలో రెండో, నాలుగో, ఆరో, ఎనిమిదో, పదో స్థానాల అంకెలను కూడి మూడుతో గుణించాలి. దానికి మిగతా ఐదు అంకెలు కలపాలి. వచ్చిన మొత్తాన్ని పక్క పదికి చేర్చడానికి ఎంత తక్కువో అదే ఆఖరి అంకె. మొత్తం 74 వస్తే ఆఖరి అంకె 6 ఉండాలి. లేకపోతే మనం నంబరు తప్పు రాసుకున్నామని అర్థం. బండి కదులుతుంటే పదకొండు అంకెలు రాసుకోవడం మన వల్ల కాదు. ఫొటో ఉంటే నిదానంగా కూర్చొని చదవొచ్చు. లెక్కల పీరియడుకి ఇంతకంటే మంచి లెక్క ఏముంది?

ఆ రోజు నేను వ్యాగన్లు లెక్కపెట్టాను, 58 ఉన్నాయి. ఒక్కొక్క దానిలో సుమారు 60 టన్నులు పడుతుంది. గుణించి చూడండి, మూడు వేల నాలుగు వందలు దాటుతుంది. అంత బరువు కొండ దిగుతుంటే బ్రేకులు ఎంత గట్టిగా ఉండాలో ఊహించండి. ఆఖరున బ్రేకు పెట్టెలో ఒక మనిషి ఒక్కడే కూర్చొని ఉన్నాడు. మనం గార్డు అంటాము. 2022 నుండి ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజర్. బండి ఆఖరి పెట్టెకి గుర్తు ఉంటుంది. అది కనబడితేనే బండి మొత్తం వచ్చిందని, మధ్యలో తెగిపోలేదని స్టేషన్ వారు రూఢి చేసుకుంటారు. అందుకని ఇంజను ఒక్కటే తీస్తే చాలదు, ఆఖరి పెట్టె కూడా పడాలని నా కోరిక. రెండు జట్లు పంచుకుంటే రెండూ వస్తాయి.

మూడవ సంగతి ప్యాసింజరుది. విశాఖ, కిరండూల్ మధ్య నడిచే ఆ బండిలో మన వాళ్ళు ఏమేమి తెస్తారో చూశారా? అడ్డాకుల కట్టలు, కొండ చీపుళ్ళు, సీతాఫలం బుట్టలు, పసుపు మూటలు, పనసకాయలు. ఆస్పత్రికి పోయేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, పండక్కి ఇంటికి పోయే మనలాంటి పిల్లలు. రెండో లైను పని పూర్తికాని చోట పట్టా ఒక్కటే. ఎదురుగా గూడ్సు వస్తే ప్యాసింజరు పక్క లైనులో ఆగాలి. నేను దసరాకి ఇంటికి పోయినప్పుడు మా బండి అలాగ 40 నిమిషాలు ఆగింది. నా పక్కన ఒక అమ్మ సీతాఫలాల బుట్ట పట్టుకొని కూర్చుంది. పళ్ళు మెత్తబడిపోతాయని ఊరికే మూత తీసి చూస్తోంది. తప్పు ఎవరిదో నేను చెప్పడం లేదు. లైను ఒకటైతే ఎవరో ఒకరు ఆగాలి. కాని రోజూ ఎవరు ఆగుతున్నారు, ఎంతసేపు ఆగుతున్నారు అన్నది ఎవరో ఒకరు రాయాలి కదా. ఫొటో, దాని కింద తేదీ, టైము రాస్తే అది రుజువు. ఒట్టి మాట ఎవరూ వినరు.

నాలుగవ సంగతి నాకు అన్నిటి కంటే ముఖ్యం. పోయిన ఆదివారం మా అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. గోడ పత్రిక ముందు నిలబడింది. అమ్మకి చదువు రాదు. మన కథలు, పొడుపు కథలు, సూక్తులు అన్నీ దాటుకుంటూ పక్కనున్న ఫొటోల బోర్డు దగ్గర ఆగింది. అద్దాల పెట్టె ఫొటో చూసి, "ఇది మన బండే గదా, మన పెట్టె ఏదే?" అని అడిగింది. నా దగ్గర చూపించడానికి లేదు. రాళ్ళ బండి ఫొటో అడిగితే నవ్వారని చెప్పాను. అప్పుడు అమ్మ చెప్పింది. రాత్రి పూట బండి కనబడకపోయినా నిండుదో ఖాళీదో తనకి తెలుస్తుందట. నిండు బండి దిగుతుంటే నేల అదురుతుందట, బ్రేకులు కీచుమంటాయట. ఖాళీ బండి ఎక్కుతుంటే డబ్బాలు కొట్టుకున్నట్టు గలగల మంటుందట. ఈ ముక్క మన ఏ పుస్తకంలో ఉంది?

మన హాస్టల్లో చాలామంది అమ్మానాన్నలకి చదువు రాదు. ఇంట్లో ఉన్న ఫొటోలు రేషన్ కార్డులోవి, ఆధార్ కార్డులోవి. ఆదివారం వాళ్ళు వచ్చి మన గోడ పత్రిక ముందు చేతులు కట్టుకొని నిలబడతారు. రైళ్ళ ఫొటోలు ఉంటే వాళ్ళు చదవగలరు. వాళ్ళు చెబుతారు, మనం రాసుకుంటాము. అప్పుడు ఈ పత్రిక వాళ్ళది కూడా అవుతుంది.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు. రైలు దగ్గర ఫొటోలంటే ప్రమాదం కాదా అని మేడం గారు అంటారు. నిజమే. పైన తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. పట్టాల మీదకి దిగడం నేరం. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం ఆరు నెలల దాకా జైలు గాని, వెయ్యి రూపాయల దాకా జరిమానా గాని పడవచ్చు. కావున నేను ఈ నియమాలు రాస్తున్నాను. ప్లాట్‌ఫారం పసుపు గీతకి వెనకే నిలబడాలి. ఫ్లాషు వెయ్యకూడదు, డ్రైవరు కళ్ళకి కొడుతుంది. గొడుగు గాని కర్ర గాని పైకి ఎత్తకూడదు. బండితో పాటు పరుగెత్తకూడదు. ఒక సార్ గాని మేడం గాని పక్కన ఉండాలి. స్టేషన్ వారు వద్దంటే మానెయ్యాలి.

ఇంకొక నియమం మన కోసం. మనుషుల ఫొటో తియ్యాలంటే ముందు అడగాలి. టూరిస్టులు మన అమ్మలు మోపు మోసుకొస్తుంటే అడక్కుండా తీస్తారు, థింసా ఆడుతుంటే ముఖం దగ్గరకి వచ్చి తీస్తారు. మనకి అప్పుడు ఎలా ఉంటుందో మనకి తెలుసు. బుట్ట పట్టుకున్న అమ్మ "వద్దు" అంటే బండిని తీసుకుందాము. బండి ఏమీ అనుకోదు.

ముఖాల ఫొటోలు తగ్గిపోతాయని బాధపడే చెల్లెళ్ళకి ఒక మాట. మూడు ఉన్నాయి కదమ్మా. పోనీ ఒక ఫొటోలో గూడ్సు ముందు గీత వెనకాల మీరే నిలబడండి. వ్యాగన్ ఎంత ఎత్తో మీ పక్కన పెట్టి కొలవొచ్చు.

వార్డెన్ మేడం గారికి నా మనవి. వచ్చే అవుటింగులో స్టేషన్ దగ్గర ఒక గంట ఇప్పించండి. జట్టుకి రెండు రైలు ఫొటోలు ఉండాలని చెప్పండి. ఒక నోటు పుస్తకం ఇప్పించండి, దానిలో తేదీ, టైము, వ్యాగన్ల లెక్క, నిండుదా ఖాళీదా, ప్యాసింజరు ఎంతసేపు ఆగింది అన్నీ రాస్తాము. ఆ ఫొటోలు అందరికీ అందే ఎత్తులో అంటించండి. రాసే పని మా జట్టు చేస్తుంది.

ఈ అభిప్రాయం నచ్చనివారు వచ్చే సంచికలో జవాబు రాయగలరు. చదువుతాను.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి