పేరు ఒకటే, పురుగు ఒకటి కాదు

వరి దుబ్బులో ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టం కనపడగానే మందుల కొట్టుకు పరుగెడుతున్నారా? కాస్త ఆగండి. తల్లి ఈగ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆకుతొడుగుల సందుల్లోంచి దిగి మొవ్వు చేరుతుంది. దాని దెబ్బకే పిలక గొట్టంగా మారుతుంది. ఆ పిలక ఇక కంకి వేయదు. గొట్టం పైకొచ్చాక మందు కొట్టడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పైగా ఆ పురుగును లోపలే చంపే మిత్ర కందిరీగలు కూడా మందుకు చస్తాయి.

అసలు చిక్కు పేరుతోనే మొదలవుతుంది. సుడిదోమనూ దోమే అంటాం, దీన్నీ దోమే అంటాం. సుడిదోమకు నాలుగు రెక్కలు. దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. ఉల్లికోడు ఈగకు రెండే రెక్కలు. దోమంత ఉంటుంది, పొట్ట ఎర్రగా ఉంటుంది, రాత్రిళ్లు దీపానికి వస్తుంది. ఒకదాని మందు రెండోదానికి కొడితే డబ్బు దండగ.

ఈ ఈగకు 1889లోనే శాస్త్రీయ నామం పెట్టారు. ఆఫ్రికాలో ఉన్నదీ ఇదేనని చాలాకాలం అనుకున్నారు. అది వేరే జాతి అని 1982లో హారిస్, గాన్యే అనే శాస్త్రవేత్తలు తేల్చారు. మన దేశంలోని ఉల్లికోడులోనే 7 బయోటైపులు గుర్తించారు. వీటి తేడా కంటికి ఆనదు. ఏ వరి తట్టుకుంది, ఏది లొంగింది అన్నదాన్నిబట్టే చెబుతారు. ఉల్లికోడును తట్టుకుంటుందని పేరుపడ్డ ఫల్గుణ రకం 1980 దశకంలో శ్రీకాకుళం వైపు కొత్త బయోటైపుకు లొంగిపోయింది.

అందుకే ఎక్కడో బాగుందన్న విత్తనం ఏలూరు, తాడేపల్లిగూడెం చేలల్లోనూ నిలబడుతుందని నమ్మకండి. కొల్లేరు ముంపుతో నాట్లు ఆలస్యమైన చేలకు ఈ బెడద మరీ ఎక్కువ.

నా మాట ఒక్కటే: ఏ ఊళ్లో ఏ రకానికి ఉల్లికోడు తగిలిందో లెక్క ఉండాలి. నూరు పిలకలు చూసి ఎన్ని గొట్టాలున్నాయో లెక్కపెట్టండి. ఊరు, వరి రకం, నాటిన తేదీ కాగితం మీద రాసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. అధికారులు దాన్ని మార్టేరు వరి పరిశోధనా స్థానానికి చేర్చాలి. నారు పోయకముందే ఈ నేలలో ఏ రకం నిలుస్తుందో రైతుకు చెప్పాలి. రెండెకరాల రైతు ప్రతి ఏటా సొంత ఖర్చుతో ప్రయోగాలు చేయలేడు కదా!