బరువు ఒకటే, ముక్కలు వేరు

అసిటోన్ లేదని రాసి ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ సీసా ఇంట్లో ఉంటే వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో ఇథైల్ అసిటేట్ అనే పేరు కనిపిస్తుంది. మూత తీయగానే వచ్చే పళ్ల వాసనలాంటి తియ్యటి వాసన దానిదే. ఈస్టర్లలో అతి మామూలుది. ఈ నెల కబుర్లు దాని గురించే.

ఎందుకంటే, ఇక్కడ షాంటిలీలో మా వీధిలోనే ఉండే ఒక అమ్మాయి, ఎప్పుడో బీఎస్సీ చేసి, ఇద్దరు పిల్లలు బడికి వెళ్లాక, మళ్లీ కమ్యూనిటీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకుంది. ఇది గట్టెక్కితేనే ల్యాబ్ ఉద్యోగం వైపు దారి. మాస్ స్పెక్ట్రమ్ పాఠం దగ్గర ఆగిపోయి, "అక్కా, బుర్ర తుప్పు పట్టింది, డ్రాప్ చేసేస్తా" అంది. తుప్పేం కాదు. మన డిగ్రీల్లో లఘుటీకలు బట్టీ పట్టించారే గానీ, ఒక్క స్పెక్ట్రమ్ చేతికిచ్చి చదవమన్నవాళ్లు తక్కువ.

నిజానికి ఇది తీసివేతల లెక్క. యంత్రంలో అణువుని ఆవిరి చేసి, 70 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లతో కొడతారు. అణువు ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్ అవుతుంది. కొన్ని అలాగే మిగులుతాయి, ఎక్కువ భాగం ముక్కలవుతాయి. ఏ బరువు ముక్క ఎంత వచ్చిందో అదే ఆ గీతల బొమ్మ. పింగాణీ గిన్నె జారిపడితే పిడి అతికిన చోటే విరుగుతుంది చూడండి, అణువూ అంతే. ఇష్టమొచ్చిన చోట విరగదు.

ఇథైల్ అసిటేట్‌లో కార్బన్లు 4, హైడ్రోజన్లు 8, ఆక్సిజన్లు 2. మొత్తం 88. బొమ్మలో కుడివైపు 88 దగ్గర పొట్టి గీత ఉంటుంది. అన్నిటికన్నా ఎత్తుది 43. ఎనభై ఎనిమిదిలోంచి 43 తీసేస్తే 45. అంటే ఇథాక్సీ ముక్క ఊడిపోయి, మిథైల్‌తో ఉన్న కార్బొనైల్, అదే అసిటైల్, మిగిలిందన్నమాట. 73 అంటే 15 పోయింది, మిథైల్. 29 ఇథైల్. 61 మాత్రం తికమక పెడుతుంది: అసిటిక్ ఆమ్లం బరువు 60 కదా, దానికి ఇంకో హైడ్రోజన్ చేరింది. విరిగేటప్పుడు ఇథైల్ వైపు నుంచి రెండు హైడ్రోజన్లు ఇటు వచ్చేశాయి. నాకు చాలా ఇష్టమైన గీత ఇది.

ఇప్పుడు మిథైల్ ప్రొపనోయేట్ తీసుకోండి. అవే పరమాణువులు, అదే 88. బరువు చూసి ఎవరెవరో చెప్పలేం. కానీ ఇందులో ఎత్తు గీత 57. అంటే 31 పోయింది. 31 అంటే మిథాక్సీ. కాబట్టి మిథైల్ ఈస్టర్! 43 అయితే అసిటేట్, 57 అయితే ప్రొపనోయేట్. ఈ 31ని ఆ అమ్మాయే పట్టుకుంది, నేను చెప్పలేదు. పక్కనే ఉన్న 59ని కూడా కార్బొనైల్‌తో కలిసిన మిథాక్సీ అని తనే చెప్పింది. డ్రాప్ చేసే గడువు దాటిపోయింది, తను క్లాసులోనే ఉంది.

ఇంట్లో సాధన చేయాలనుకుంటే యంత్రం అక్కర్లేదు. మాకు పొటోమాక్ నదికి అవతల, మేరీలాండ్ గైథర్స్‌బర్గ్‌లో ఉన్న ఎన్‌ఐఎస్‌టీ వాళ్ల కెమిస్ట్రీ వెబ్‌బుక్‌లో ఇలాంటి బొమ్మలు వేలల్లో ఉన్నాయి, ఉచితంగా. పేరు కొడితే చాలు. ముందు బొమ్మ చూసి, కాగితం మీద తీసివేతలు చేసుకుని, ఆ తర్వాతే పేరు చూడండి. పట్టికలు కంఠస్థం చేయడం దండగ. 15, 29, 31, 45 గుర్తుంటే మొదలుపెట్టడానికి చాలు.

ఒకటి మీకు వదులుతున్నాను. ఈస్టరే, మొత్తం బరువు 102. గీతలు 74, 71, 59, 43. 71 దగ్గర మొదలుపెట్టండి, ఎంత పోయిందో చూడండి. 74 దగ్గర మాత్రం 28 పోయింది, అంటే ఇథిలీన్. అక్కడే మనం బట్టీ పట్టిన మెక్‌లాఫర్టీ గారు పనికొస్తారు. జవాబు వచ్చే నెల.