క్రాంజీ గోడ మీద మనవారి పేర్లు

గత మాసమున వర్తక కార్యార్థము మేము సింగపూరు నగరమునకు పోవలసి వచ్చినది. పని ముగిసిన పిమ్మట ఒక దినము మిగిలెను. ఆ దినమును అంగళ్లు చూచుటకు గాక, నగరమునకు ఉత్తరముగా నున్న క్రాంజీ యుద్ధ శ్మశానమునకై వినియోగించితిమి. అచ్చట చూచినదియు, చూడగోరి చూడలేకపోయినదియు మన పాఠకులకు విన్నవించుట మా విధియని తలచి ఈ వారము ఈ విషయమును గ్రహించితిమి.

మా బాల్యమున మా వీధిలో ఒక అవ్వ ఉండెడిది. ఆమె పెనిమిటి బెంగుళూరులో మద్రాసు సేపర్ల దళమున చేరి, 1941వ సంవత్సరమున ఓడయెక్కి మలయా దేశమునకు పోయెను. మరుసటి యేట సింగపూరు జపానువారి వశమైనది. కొంతకాలమునకు అతని జాడ తెలియలేదని సర్కారు కాగితము వచ్చినది. యుద్ధానంతరము పింఛనుకూడ వచ్చినది. పింఛనుతో సర్కారువారు ఆమెను విధవగా తేల్చిరి గాని, ఆమె మనస్సు దానికి సమ్మతింపలేదు. జాడ తెలియని వాడు చనిపోయినవాడెట్లగునని ఊరిపెద్దలను అడిగినదట. బదులు చెప్పగలవారు లేకపోయిరి. ఆమె మెడలోని పసుపుతాడు ఆమె కడపటి దినమువరకు ఆమె మెడలోనే యుండెను. ఆ అవ్వ పెనిమిటి పేరు క్రాంజీ గోడ మీద ఉన్నదేమో చూచి రావలెనని మాకు చిరకాలముగా కోరిక.

1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు పతనమైనది. మలయా రణమునను, పిమ్మట జపానువారి చెరలోను అసువులు బాసినవారికై ఒక మెట్ట యేటవాలున ఈ శ్మశానము నిర్మింపబడినది. పచ్చని గడ్డి నడుమ 4,400కు పైగా సమాధులు వరుసలు దీరియున్నవి. వానిలో 850కి పైగా సమాధులలో నున్నవారెవరో నేటికిని తెలియదు. మెట్టమీద నిలిచిన సింగపూరు స్మారకమును 1957 మార్చి 2వ తేదీన ఆవిష్కరించిరి. దాని రాతిగోడల మీద, తమకంటూ సమాధి దొరకనివారి పేర్లు 24,000కు పైగా చెక్కబడియున్నవి. మతాచారము ననుసరించి దహనసంస్కారము పొందిన సుమారు 800 మందికి వేరుగా ఒక స్మారకము కలదు. వారిలో అధికులు భారత సైనికులే. అచ్చట చెత్తగాని, విరిగిన రాయిగాని మాకు కానరాలేదు. పరదేశపు నేలలో మనవారి గురుతులను ఇంత శుభ్రముగా కాపాడుచున్నవారికి కృతజ్ఞత చెప్పుకొనుట న్యాయము.

ఆ గోడలయెదుట రెండు గంటలు నిలిచి వెదకితిమి. పేర్లు పటాలములవారీగా, ఆ లోపల హోదాలవారీగా ఆంగ్లాక్షరములలో నున్నవి. సేపర్ల క్రింద మేము వెదకుచున్న పేరు కనబడినది. కాని అది ఒకటి కాదు. అదే పేరు ఒకటికంటె ఎక్కువమారులు కలదు. మునియప్పలు, రామస్వాములు, వెంకటప్పలు మన సీమలో ఎందరు లేరు? ఎవరు ఏ యూరివాడో తేల్చుటకు తండ్రి పేరో, సైనిక సంఖ్యయో కావలెను. ఆ సంఖ్య గల కాగితము అవ్వ పెట్టెలో నుండెను. అవ్వ గతించిన పిమ్మట ఇల్లు ఖాళీ చేయునపుడు పాత కాగితములతో పాటు దానినికూడ పొయ్యిలో వేసిరి. వేసినవారు పరులు కారు, మన వీధివారమే. సింగపూరులో అరువది యేండ్లకు పైగా చెడక నిలిచిన పేరు అంచెట్టిలో మన అజాగ్రత్తవలన బూడిదయైనదని తోచి, గోడయెదుట మేము తల వంచుకొంటిమి.

మరణించిన ప్రతి సైనికుని పేరు, జాతి హోదా మత భేదము లేక, శాశ్వతముగా నిలుపవలెననుట 1917లో స్థాపితమైన యుద్ధ సమాధుల కమిషనువారి మూలసూత్రము. అది అందరి యెడలను అమలు జరిగెనా యనిన, జరుగలేదు. మొదటి మహాయుద్ధమున మెసపొటేమియాలో మడిసినవారికై 1929లో బస్రాలో లేచిన స్మారకమే దీనికి సాక్షి. అందు తెల్ల సైనికులకును, భారత అధికారులకును పేర్లు కలవు. సామాన్య సిపాయిలకు పేర్లు లేవు. పటాలము పేరును, ఇంతమంది యను అంకెయు మాత్రమే చెక్కిరి. మేము వర్తకులము గనుక మా వాడుకలో చెప్పెదము: అప్పిచ్చినవారి పేర్లన్నియు తుడిచివేసి, మొత్తము మాత్రము మిగిల్చిన ఆవర్జా వంటిది ఆ రాయి. మొత్తమున్నదే యని తృప్తిపడు సాహుకారును మేము చూడలేదు.

ఈ లోపమును కమిషనువారే 2021లో ఒక విచారణ సంఘముచే పరిశోధింపజేసి ఒప్పుకొనిరి. మొదటి యుద్ధమున భారత, ఆఫ్రికా, ఈజిప్టు దేశములవారిలో 45,000 మొదలు 54,000 వరకు ఇతరులతో సమానముగా స్మరింపబడలేదనియు, తక్కువ పక్షము 1,16,000 మంది, బహుశః 3,50,000 మంది, పేరుతో స్మరింపబడనే లేదనియు ఆ సంఘము తేల్చినది. కమిషనువారు క్షమాపణ చెప్పి, దొరకిన పేర్లను చేర్చుచున్నారు. అయితే పేర్లు దొరకవలెను గదా. అవి లండనులో మాత్రమే లేవు. ఊరూర పాతపెట్టెలలో, ముదుసలుల జ్ఞాపకములలో నున్నవి.

సైనికుల గతి ఇట్లుండగా, కూలీల గతి మరింత దుఃఖకరము. 1942, 43 సంవత్సరములలో జపానువారు సయాము నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయించిరి. ఆ పనిలో 12,000కు పైగా యుద్ధఖైదీలు మరణించిరి. వారికి కాంచనబురిలోను, బర్మాలోని తన్‌బ్యుజయత్‌లోను వరుసలుదీరిన సమాధులు కలవు. అదే మార్గమున పనిచేసిన ఆసియా కూలీలు ఖైదీలకంటె అనేక రెట్లు చనిపోయిరి. వారిలో మలయా రబ్బరు తోటలనుండి తరలింపబడిన తమిళులును, మన తెలుగువారును వేలకొలది కలరు. కలరావలన చచ్చినవారిని గోతులలో పూడ్చిరి, కాల్చిరి. ఎవరి పేరును ఎవరును వ్రాసికొనలేదు. 2023లో మాత్రము కాంచనబురిలోని ఒక బౌద్ధాలయ ఆవరణమున తమిళ సోదరులు వారికై ఒక నడుగల్లు నిలిపిరి. అది ఎంతయు శ్లాఘనీయము. ఒకే తోటలో ఒకే వరుసలో పనిచేసి, ఒకే గోతిలో పడిన తెలుగు కూలీని కూడ ఆ రాతి యెదుట తలచుకొనవలసిన బాధ్యత మనది.

పరాయిదొర జీతమునకు పోయి చచ్చినవారిని మనమేల తలచుకొనవలెనని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసిపుచ్చము. దానికి మా సమాధానమిది. వానలు లేక, అప్పులు తీరక, ఇంటిల్లిపాదికి కూడుపెట్టుటకై పటాలమున చేరినవాడు రాజ్యములను గూర్చి ఆలోచించి చేరలేదు. సింగపూరు పతనానంతరము చెరబడిన భారత సైనికులనుండియే ఆజాద్ హింద్ ఫౌజు పుట్టినది. తోటలలోని తమిళులు, తెలుగువారు అందు చేరిరి. ఆ ఫౌజులో మృతులైనవారికై నేతాజీ 1945 జులైలో సింగపూరు సముద్రతీరమున స్మారకమునకు శంకుస్థాపన చేయగా, తిరిగివచ్చిన ఆంగ్లేయులు కొలది నెలలలోనే దానిని కూల్చివేసిరి. 1995లో సింగపూరు ప్రభుత్వమువారు ఆ స్థలమున గురుతుగా ఒక ఫలకము నిలిపిరి. ఒక యింట అన్న ఒక వైపునను, తమ్ముడు మరొక వైపునను నిలిచియుండవచ్చును. తల్లికి ఇద్దరును బిడ్డలే. మన జాబితాలోకూడ ఇరువురికిని చోటుండవలెను.

స్మారకశిల నిలుపుట మన సీమకు తెల్లవాడు నేర్పిన విద్య కాదు. కృష్ణగిరి, హోసూరు ప్రాంతములంతట చేల గట్ల మీద, చెరువు కట్టల మీద వీరగల్లులు నిలిచియున్నవి. కృష్ణగిరిలోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో వానిని సేకరించి యుంచిరి. శత్రువులు తోలుకొనిపోవు పశువులను విడిపించుటకై పోరి పడినవానికి రాజు శిల్పము కాదు, ఊరు శిల్పము నిలిపినది. చేత విల్లో కత్తియో పట్టిన వీరుడు, పైన అతనిని స్వర్గమునకు కొనిపోవు అప్సరసలు. కొన్నిటిపై అతని పేరు, ఊరుకూడ కలవు. వేయేండ్లనాటి గోరక్షకుని పేరు నేటికిని చదువగలుగుచున్నాము. ఎనుబది యేండ్లనాడు పోయిన మన తాత పేరు చదువలేకపోవుట మన సీమకు తగునా?

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమును చూడుడు. రెండు మహాయుద్ధములకును అచ్చటినుండి యువకులు గుంపులుగా పోయిరి. జనులు ఆ యూరిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు. ఊరివారు తమ మృతవీరులకు ఊరనే స్మారకము కట్టుకొనిరి. అచ్చట ధనికులున్నారని కాదు, మరువరాదను పట్టుదల యున్నది. అట్టి పట్టుదల మన సంఘమునకును వలయును.

కనుక మన సంఘము ఒక పట్టికను ప్రారంభింపవలెనని ప్రతిపాదించుచున్నాము. అంచెట్టి, తళి, డెంకణికోట, హోసూరు, రాయకోట ప్రాంతములనుండి సైన్యమునకో, కూలికో సముద్రము దాటిపోయి తిరిగిరానివారి పేర్లను, ఇంటివారు పిలిచిన తీరుననే తెలుగులో వ్రాసి పంపుడు. తండ్రి పేరు, ఊరు, దళము, సంఖ్య తెలిసినంతవరకు చేర్చుడు. డిశ్చార్జి పుస్తకముగాని, పతకముగాని, పింఛను కాగితముగాని యున్నచో పారవేయవలదు. పతకపు అంచున సంఖ్యయు పేరును చెక్కియుండుట కలదు. కాగితము చినిగియున్నను ప్రతి తీయించి పంపుడు.

కమిషనువారి పట్టిక నేడు ఇంటర్నెట్టులో ఎల్లరకును అందుబాటున కలదు. వెదకువారు రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. కృష్ణగిరి జిల్లా 2004లోను, దానికి ముందటి ధర్మపురి జిల్లా 1965లోను ఏర్పడినవి. యుద్ధకాలమున మనమందరము సేలము జిల్లావారము. కావున సేలము పేరుననే వెదకవలయును. రెండవది, గుమాస్తా చెవికి వినబడినట్లు ఆంగ్లమున వ్రాసిన మన పేర్లు, ఊళ్ల పేర్లు వికారముగా మారియుండును. ఒక విధముగా దొరకనిచో నాలుగు విధములుగా వ్రాసి చూడుడు. యువకులు ఈ పనిలో పెద్దలకు తోడ్పడవలెను. దొరకని పేరును ఆధారములతో మన సంఘము ద్వారా కమిషనువారికి పంపుదము.

మృతతిథి తెలియని బంధువులకు మహాలయ అమావాస్యనాడు తర్పణము విడుచుట మన ఆచారము. రాబోవు మహాలయ అమావాస్య సాయంకాలమున, అప్పటివరకు చేరిన పేర్లను మన సంఘ మందిరమున బిగ్గరగా చదువుదము. ముస్లిము, క్రైస్తవ సోదరులు తమ తమ ప్రార్థనలతో పాల్గొనవలెనని కోరుచున్నాము. మొదట చదువబడు పేరు మా వీధి అవ్వ పెనిమిటిది. ఆయన సంఖ్య మా యొద్ద లేదు. పేరు మాత్రము కలదు.