నాలుగంకెల నిఘా

ప్రజల ప్రాణాలను కాపాడడం ప్రభుత్వానికి ప్రథమ ధర్మం. వారి స్వేచ్ఛకు భంగం కలగకుండా చూడడమూ ధర్మమే. ఈ రెండూ పరస్పరం ఎదురుపడినప్పుడు వివేకవంతులకు సైతం నిర్ణయం కష్టమవుతుంది. అమెరికాలో తుపాకుల కొనుగోళ్లను క్రెడిట్ కార్డుల ద్వారా కనిపెట్టాలన్న ప్రయత్నం అటువంటి ధర్మసంకటమే.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోరాదు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఆయుధం కలిగి ఉండడం 1791 నాటి రెండవ రాజ్యాంగ సవరణ గుర్తించిన హక్కు. తుపాకుల యజమానుల జాబితాను కేంద్ర ప్రభుత్వం తయారుచేయరాదని 1986 నాటి చట్టం నిషేధించింది.

అయితే ఆ దేశంలో సామూహిక హత్యలు మాటిమాటికీ జరుగుతున్నాయి. 2016 జూన్‌లో ఆర్లాండో నగరంలో ఒక దుండగుడు 49 మందిని బలిగొన్నాడు. దానికి ముందు పన్నెండు రోజులలో అతడు కార్డుల మీద 26 వేల డాలర్లకు పైగా వెచ్చించాడనీ, రెండు తుపాకులు, వేలకొలది తూటాలు కొన్నాడనీ 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించింది. బ్యాంకులు ఆ సంకేతాన్ని గుర్తించి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో అన్న ఆవేదన సహజమైనది. దానిని తేలికగా కొట్టివేయరాదు.

కార్డుతో చెల్లింపు జరిగినప్పుడు దుకాణం ఏ రకమైనదో తెలిపే నాలుగంకెల సంకేతం బ్యాంకుకు చేరుతుంది. తుపాకుల దుకాణాలకు ప్రత్యేక సంకేతం ఉండేది కాదు. 2022 సెప్టెంబరులో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 5723 అనే సంఖ్యను వాటికి కేటాయించింది. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థలు మొదట అంగీకరించి, 2023 మార్చిలో అమలును నిలిపివేశాయి. ఆ సంకేతాన్ని తప్పనిసరి చేస్తూ కాలిఫోర్నియా 2023లోను, కొలరాడో, న్యూయార్క్ 2024లోను చట్టాలు చేశాయి. ఫ్లోరిడా, టెక్సాస్ వంటి రాష్ట్రాలు దానిని నిషేధించాయి. ఒకే దేశంలో ఒక సంఖ్య ఒకచోట విధి, మరొకచోట నేరం!

ఈ సంఖ్య చెప్పేది ఎంత? దుకాణమేదో, సొమ్మెంతో చెబుతుంది. కొన్న వస్తువేదో చెప్పదు. ఆ దుకాణంలో వేటగాడు కొన్న గుడారమూ, తుపాకులు దాచే ఇనుప బీరువా కూడా బ్యాంకుకు ఒకే రీతిగా కనిపిస్తాయి. నగదుతో కొన్నవాడు అసలు కనిపించడు. నిజాయితీగా కార్డు చూపినవాడు అనుమానితుడు కాగా, దురుద్దేశం గలవాడు తప్పించుకుంటాడు. ఎలుకలు దూరాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం వివేకం కాదు.

సేకరించిన సమాచారం ఎవరి చేతికి చేరుతుందన్నది అంతకన్నా ముఖ్యం. బ్యాంకు పత్రాల విషయంలో ఖాతాదారునికి రాజ్యాంగ రక్షణ లేదని అమెరికా సుప్రీంకోర్టు 1976లో తీర్పు చెప్పింది. 1978లో చేసిన చట్టం కొంత రక్షణ కల్పించినా, అందులో మినహాయింపులెన్నో ఉన్నాయి. నేడు తుపాకీ కొన్నవారి కోసం తెరచిన తలుపు రేపు పుస్తకం కొన్నవారికీ, మందు కొన్నవారికీ, ఒక ఉద్యమానికి విరాళమిచ్చినవారికీ తెరచుకోదని హామీ ఏది? అధికారం చేతులు మారుతుంది. పోగుపడిన సమాచారం మాత్రం అలాగే ఉంటుంది.

కనుక తుపాకులను అదుపు చేయదలచిన ప్రభుత్వం బాహాటంగానే చేయాలి. చట్టసభలో చర్చించి, కొనుగోలుదారుల పూర్వచరిత్రను పరిశీలించే పద్ధతిని పటిష్ఠం చేయాలి. ఒక వ్యక్తిపై సహేతుకమైన అనుమానం కలిగితే న్యాయస్థానం అనుమతితో అతని లెక్కలు చూడాలి. ఇది అందరినీ అనుమానించడం కన్నా కష్టమైన మార్గమే. దీనివల్ల ప్రతి దుర్ఘటనా ఆగిపోతుందని కూడా చెప్పలేము. కాని ఇక్కడ చేసే ప్రతి పనికీ బాధ్యుడెవరో ప్రజలకు తెలుస్తుంది, ప్రశ్నించే అవకాశమూ ఉంటుంది.

చేనుకు కంచె అవసరమే. ఆ కంచె ఎక్కడ వేయాలో, దాని తాళం ఎవరివద్ద ఉండాలో నిర్ణయించే హక్కు మాత్రం రైతుదే. ప్రజాస్వామ్యంలో ఆ రైతు పౌరుడే.